కోడి కింద బాతుపిల్లలు, కుక్క ఒళ్లో పిల్లికూన

తన కడుపున పుట్టని పిల్లను సాకే పెంపుడు జీవాల గురించి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం. వీడియోల్లో ముచ్చటగా కనిపించే ఈ సంగతిలో నాకడం, వెచ్చగా పడుకోబెట్టుకోవడం, పాలివ్వడం, కాపలా కాయడం అన్నీ ఒకటి కావు. ఒక జీవి వీటిలో ఒకటో రెండో చేస్తుంది. మిగతావి పెంచేవాళ్లే చూసుకోవాలి.

ప్రశ్న: మా నాటుకోడి పొదుగు మీద ఉంది. ఊళ్లో బాతుగుడ్లు దొరుకుతున్నాయి. దాని కింద పెడితే పిల్లలు దిగుతాయా? దిగాక తన పిల్లల్లాగే చూసుకుంటుందా, పొడిచేస్తుందా?
— ఒక గృహిణి, కైకలూరు

జవాబు: పొదుగు మీదున్న కోడికి గుడ్డు ఎవరిదన్న పట్టింపు ఉండదమ్మా. కడుపు కింద నున్నగా, గుండ్రంగా ఏదైనా తగిలితే చాలు, చెక్కగుడ్డు మీదైనా కూర్చుంటుంది. తేడా వచ్చేది రోజుల లెక్కలో. కోడిగుడ్డుకు 21 రోజులు, బాతుగుడ్డుకు 28, మస్కోవీ జాతిదైతే 35. పొదిగినన్నాళ్లూ కోడి సరిగా మేయదు, చిక్కిపోతుంది. బాతుగుడ్లు పెడితే ఆ ఉపవాసం ఇంకో వారం సాగుతుంది. అందుకే ఒళ్లున్న కోడిని ఎంచుకోండి. రోజూ ఒకే వేళకు లేపి 15–20 నిమిషాలు బయట వదలండి. గింజలు, నీళ్లు దగ్గర్లో ఉంచండి. పెద్ద ముద్దలా కంపుకొట్టే రెట్ట వేస్తే బెంగపడొద్దు, పొదిగే కోడి అలాగే వేస్తుంది.

ముందు గుడ్ల సంగతి తేల్చుకోండి. తినడానికి అమ్మే బాతుగుడ్లలో చాలావరకు పిల్ల కట్టనివే, ఎందుకంటే మందలో పోతు లేకపోవచ్చు. ఆరు నుంచి ఎనిమిది పెట్టలకు ఒక పోతు ఉన్న మందలోంచి, పెట్టి 7 రోజులు దాటని గుడ్లు తెచ్చుకోండి. మట్టి అంటితే పొడిగుడ్డతో తుడవండి. కడిగితే పెంకు మీది సన్నటి పొర పోయి సూక్ష్మజీవులు లోపలికి దూరతాయి, గుడ్డు మురుగుతుంది. కోడి నిజంగా పొదుగుకు దిగిందో లేదో రెండు మూడు రోజులు ఉత్తుత్తి గుడ్ల మీద చూడండి. చెయ్యి పెడితే ఈకలు విప్పుకొని గుర్రుమంటూ, లేపినా మళ్లీ వచ్చి కూర్చుంటే సరే. అప్పుడు రాత్రిపూట, దీపం లేకుండా గుడ్లు మార్చండి.

నాటుకోడి కింద దాని గుడ్లు 10–12 పడతాయి, బాతుగుడ్లు మాత్రం 6 నుంచి 8 దాటొద్దు. రెక్క కింద పట్టని గుడ్డు ఒక్కటున్నా నష్టం ఆ ఒక్కదానికే అనుకోకండి. కోడి గుడ్లను లోపలికీ బయటికీ తిప్పుతూ ఉంటుంది కాబట్టి వంతులవారీగా అన్నీ చల్లబడతాయి. గుడ్డు పెద్దది కావడంతో చిన్న కోడి సరిగా తిప్పలేకపోవచ్చు. పెన్సిలుతో ఒకవైపు గుర్తు పెట్టి, గుర్తు రోజుల తరబడి పైనే ఉంటే కోడి మేతకు దిగినప్పుడు మీరే తిప్పండి. 25వ రోజు నుంచి తిప్పొద్దు.

బాతుగుడ్డుకు తేమ ఎక్కువ కావాలి. తల్లిబాతు తడి ఒంటితో వచ్చి కూర్చుంటుంది, కోడి పొడిగా వస్తుంది. గంపలో అడుగున ఇసుక పోసి పైన వరిగడ్డి పరిచి, మొదటి వారం దాటాక రోజూ కోడి లేచినప్పుడు గుడ్ల మీద గోరువెచ్చటి నీళ్లు చిలకరించండి. ఏడో రోజు రాత్రి ఫోను టార్చి మీద గుడ్డు పెట్టి చూస్తే సాలెపురుగులా ఎర్రటి నరాలు కనిపించాలి. తెల్లగా ఖాళీగా ఉన్నవి తీసేయండి. ఉరుములకు గుడ్లు చెడకుండా గంపలో ఇనుపముక్క పెట్టే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. దాంతో నష్టమేమీ లేదు కానీ, కోడి పేలకు ముందే మందు చల్లడం మరిచిపోయి ఇనుపముక్క మాత్రం గుర్తుపెట్టుకుంటే లాభం లేదు. పేలు పట్టిన కోడి 20 రోజులకే గంప దిగిపోతుంది.

కోడిగుడ్లు కూడా కలిపి పెట్టాలనుకుంటే బాతుగుడ్లు పెట్టిన 7 రోజుల తర్వాత పెట్టండి. ఒకేరోజు పెడితే 21వ రోజుకే కోడిపిల్లలు దిగుతాయి, తల్లి వాటిని వెంటేసుకొని వెళ్లిపోతుంది, బాతుగుడ్లు చల్లబడిపోతాయి.

పెంకుకు చిల్లు పడ్డాక బాతుపిల్ల బయటికి రావడానికి ఒకటిన్నర రోజు పట్టినా అది మామూలే. తొందరపడి వలిస్తే రక్తం కారి చస్తుంది. దిగిన పిల్లలను కోడి పొడవడం అరుదు. గుడ్డులో ఉండగానే అటూ ఇటూ పలుకులు సాగుతాయి. పిల్లలు కూడా పుట్టిన మొదటి రోజు కళ్లముందు కదిలిన దాన్నే తల్లిగా పట్టుకుంటాయి. బూడిదరంగు పెద్దబాతుల్లో ఈ గుణాన్ని చూపించిన జంతు ప్రవర్తన శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్‌కు 1973లో నోబెల్ వచ్చింది.

కష్టాలు ఆ తర్వాతివి. చెరువు చూడగానే పిల్లలు దూకుతాయి, కోడి గట్టు మీద అరుస్తూ పరుగులు పెడుతుంది. అది చూడ్డానికి తమాషాగా ఉంటుంది కానీ, కోడి కింద పెరిగిన పిల్లల నూగు నీళ్లను అంతగా ఆపలేదు. తడిసి చలికి చచ్చిపోతాయి. నాలుగు వారాల దాకా ముక్కు మునిగేంత లోతు తాగునీళ్లే ఇవ్వండి, ఈత వద్దు. మేత విషయంలో రెండు జాగ్రత్తలు. బాతుపిల్లలకు నయాసిన్ అనే విటమిన్ కోడిపిల్లల కంటే దాదాపు రెట్టింపు కావాలి. ఉత్త కోడిపిల్లల దాణా మీద పెంచితే రెండో వారానికల్లా కాళ్లు వంకరపోయి కూలబడతాయి. కిలో దాణాకు నయాసిన్ ఉండే బ్రూవర్స్ ఈస్ట్ 50 గ్రాములు కలపండి. రెండోది బూజు. వేరుశనగ చెక్క, మొక్కజొన్నల బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషానికి బాతుపిల్లల కంటే త్వరగా చచ్చే పెంపుడు పక్షి లేదనే చెప్పాలి. కోడిపిల్లలు తట్టుకున్న దాణాకే ఇవి పోతాయి.

ఇంకొక్క మాట. కోడి పెంచిన బాతుపోతు పెద్దయ్యాక కోడిపెట్టల వెంటపడి గాయపరచవచ్చు. నాలుగు నెలల లోపే పోతులను బాతుల మందలో కలిపేయండి.

ప్రశ్న: మా మేకకు పిల్ల చచ్చి పుట్టింది. తల్లిలేని మూడు రోజుల గొర్రెపిల్లను దాని దగ్గర విడిస్తే కుమ్మి తోసేసింది. పిల్ల దక్కలేదు. మళ్లీ ఇలా జరిగితే ఏం చేయాలి?
— ఒక రైతు, నాగర్‌కర్నూలు

జవాబు: మేక పిల్లను కంటితో కాదు, తోక దగ్గర వాసనతో గుర్తుపడుతుంది. ఈనేటప్పుడు దారి సాగడంతో మెదడులో ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలవుతుంది. ఆ గంటా రెండు గంటల్లో ఏ పిల్లను నాకిందో దాన్నే తనదంటుంది. ఆ గడియ దాటాక వచ్చింది పరాయిదే, ఎంత ముద్దుగా ఉన్నా కుమ్ముతుంది. కాబట్టి ఆ వేళలోనే పిల్లను చేర్చాలి, గడియ దాటిపోతే వాసనను మోసం చేయాలి. ఇక్కడ మూడు దారులున్నాయి.

ఈనుతుండగా దగ్గరుంటే అన్నిటికన్నా మేలు. చేతికి గ్లవ్స్ వేసుకొని ఉమ్మనీటిని శుభ్రమైన బేసిన్‌లో పట్టి గొర్రెపిల్ల ఒంటికి, ముఖ్యంగా తలకూ తోక కిందా బాగా రాయండి. మూడు రోజుల పిల్ల చెంగున లేచి పొదుగు కింద దూరితే మేకకు అనుమానం వస్తుంది. ముందుకాళ్లు రెండూ, వెనకకాలు ఒకటీ మెత్తటి గుడ్డతో వదులుగా కట్టి మేక ముక్కు దగ్గర పడుకోబెట్టండి. అప్పుడే పుట్టిన పిల్లలా తన్నుకుంటుంటే మేక నాకడం మొదలెడుతుంది. 15–20 నిమిషాలయ్యాక కట్లు విప్పండి.

ఆ గడియ దాటిపోతే చచ్చిన పిల్ల తోలు ఉపయోగపడుతుంది. చచ్చిన కొన్ని గంటల్లోనే తోలు ఒలిచి, నాలుగు కాళ్లకూ కంతలు పెట్టి, చొక్కాలా గొర్రెపిల్లకు తొడగండి. తోక భాగం తప్పకుండా ఉండాలి, మేక వాసన చూసేది అక్కడే. మన ఎండలకు తోలు రెండో రోజుకే కుళ్లుతుంది, ఈగలు ముసురుతాయి. కనుక 24 గంటల తర్వాత ముందుభాగం, 48 గంటలకు వెనకభాగం కత్తిరించి తీసేయండి. అయితే మేకకు నెలలు నిండకముందే పిల్ల పడిపోయినా, మందలో ఇంకొన్ని అలా ఈసుకుపోతున్నా ఈ పద్ధతి జోలికే పోవద్దు. ఇలా ఈసుకుపోయేలా చేసే బ్రుసెల్లా అనే సూక్ష్మజీవి ఉన్న పిల్లను ఉత్త చేతులతో ఒలిస్తే జబ్బు మనుషులకు వస్తుంది. ముక్కు, నోట నల్లటి రక్తం కారి హఠాత్తుగా చచ్చిన జీవాన్ని అసలు కోయనే కోయకూడదు, అది దొమ్మ (ఆంత్రాక్స్) కావచ్చు.

మూడోది ఓపిక. నాలుగడుగుల చదరం దడి కట్టి, మేక తల అటూ ఇటూ తిప్పకుండా మేత అందేలా మెడ దగ్గర కట్టేయండి. పిల్ల మీద ఉప్పు కలిపిన తవుడు చల్లి నాకనివ్వండి. రోజుకు నాలుగైదుసార్లు మీరు దగ్గరుండి పాలు తాగించండి. తాగిన పాలు పిల్ల పేగుల్లోంచి పోయేసరికి దాని మలానికే మేక వాసన పడుతుంది. మూడు నుంచి అయిదు రోజుల్లో చాలా మేకలు దారికొస్తాయి. వారమైనా కుమ్ముతుంటే వదిలేయండి, సీసాపాలతోనే పెంచుకోండి.

అంగీకరించిందని ఎలా తెలుస్తుంది? తోక వాసన చూసి, నోరు తెరవకుండా సన్నగా పలుకుతుంది, పిల్ల పక్కనుంచి వచ్చినా నిలబడుతుంది. పిల్ల ఎప్పుడూ వెనకకాళ్ల మధ్యనుంచే దొంగతనంగా తాగుతోందంటే ఇంకా ఒప్పుకోలేదన్నమాట. వీపు విల్లులా వంచి, కడుపు లోపలికి పోయి నిలబడ్డ పిల్ల ఆకలితో ఉంది, ఆ రాత్రి గడవదు.

మీ పిల్ల దక్కకపోవడానికి కారణం కుమ్మడం ఒక్కటే కాకపోవచ్చు. తల్లి ముందే పోయింది కదా, ముర్రుపాలు అందాయా? 2.5 కిలోల పిల్లకు మొదటి 24 గంటల్లో 250 మిల్లీలీటర్లకు తగ్గకుండా నాలుగైదు విడతల్లో పట్టాలి, మొదటి విడత రెండు గంటల్లోపే. ఆ రోజు దాటితే ముర్రుపాలలోని రక్షణ పేగుగోడ దాటదు. ఊళ్లో ఈనిన మేకల ముర్రుపాలు చిన్న సీసాల్లో పోసి డీప్‌ఫ్రీజర్‌లో దాచుకుంటే ఇలాంటి రోజున ఆదుకుంటాయి. వేడినీళ్లలో సీసా నిలబెట్టి కరిగించండి, పొయ్యి మీద మరిగిస్తే పనికిరావు.

మేకపాలలో వెన్న గొర్రెపాల కంటే తక్కువ, పిల్ల కాస్త నెమ్మదిగా ఎదుగుతుంది, ఫరవాలేదు. దాణా మొదలుపెట్టాక మాత్రం మేకల మినరల్ మిక్చర్ గొర్రెపిల్లకు పెట్టొద్దు. దాంట్లోని రాగి మేకకు సరిపోతుంది, గొర్రెకు కాలేయంలో పేరుకొని విషమవుతుంది.

ప్రశ్న: గేదె దూడ చచ్చిపోయింది. గేదె చేపడం లేదు, పాలు కిందికి వదలడం లేదు. ఇంజెక్షన్ వేయించమంటున్నారు.
— ఒక పాడిరైతు, తెనాలి

జవాబు: వద్దు. ఆవు పొదుగులో పాలు 20 శాతం దాకా ముందే కిందికి దిగి ఉంటాయి, గేదెలో 5 శాతమే. మిగతాదంతా చేపుకు వస్తేనే దిగుతుంది, అందుకే దూడ పోతే ఆవు కంటే గేదెతోనే కష్టం. ఆ ఇంజెక్షన్‌లో ఉండేది ఆక్సిటోసిన్, రోజూ దానికి అలవాటు పడ్డ గేదె అది లేనిదే చేపదు. పశువైద్యుల చీటీ లేకుండా ఆ మందు అమ్మడమూ నేరమే.

పూర్వం చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి ముందు నిలబెట్టేవాళ్లు. పనిచేస్తుంది కానీ తోలు బాగా ఆరకపోతే పురుగు పడుతుంది. అంతకంటే సులువైనది దాణాకు చేపించడం. రోజూ అదే వేళ, అదే మనిషి, అదే చోటు. దాణా ముందు పెట్టి, గోరువెచ్చటి నీళ్లతో పొదుగు కడిగి, నిమిషం సేపు మెల్లగా నిమరాలి. చన్నులు బిగుసుకోగానే ఆపకుండా ఆరేడు నిమిషాల్లో పిండేయాలి, ఆ తర్వాత హార్మోను పని అయిపోతుంది. మొదటి వారం పాలు సగానికి పడిపోతాయి. అక్కడే చాలామంది ఓపిక పోగొట్టుకుని సూదికి పోతారు.

ప్రశ్న: మా లాబ్రడార్‌కు ఎద అయి రెండు నెలలైంది. దాటించలేదు. వీధిలో దొరికిన పిల్లికూనను ఒళ్లో పెట్టుకొని వదలడం లేదు, ఇప్పుడు చన్నుల్లో పాలు కూడా వస్తున్నాయి. ఇది మంచిదేనా? కూనకు ఆ పాలు సరిపోతాయా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: దీన్ని ఉత్తుత్తి చూలు అంటారు. ఆడకుక్కలో ఎద తర్వాత రెండు నెలలపాటు చూలును నిలిపే ప్రొజెస్టెరాన్ హార్మోను చూలుంటే ఎంతో లేకపోయినా అంతే ఉంటుంది. అది తగ్గగానే పాలు తెప్పించే ప్రొలాక్టిన్ హార్మోను లేస్తుంది. అప్పుడు చెప్పునో బొమ్మనో దాచుకొని కాపలా కాసే కుక్కలున్నాయి. మీదానికి నిజమైన కూనే దొరికింది. జబ్బు కాదు, రెండు మూడు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. కానీ కూన చీకుతున్నంత కాలం తగ్గదు.

పాలు నిజం పాలే, కానీ కొద్దిగానే ఉంటాయి, వాటి మీద కూన బతకదు. వంటింటి త్రాసు మీద రోజూ ఒకే వేళకు తూచండి. కూన రోజుకు 10–15 గ్రాములు పెరగాలి. రెండు రోజులు పెరగకపోతే ఆకలితో ఉన్నట్టే. నాలుగు వారాలు దాటి పళ్లొచ్చిన కూన అయితే పిల్లికూనల మెత్తటి ఆహారం నానబెట్టి పెట్టి చీకడం మాన్పించండి. అంతకంటే చిన్నదైతే పాలపొడి సీసాతో పట్టాలి. నాకి ఒళ్లు శుభ్రం చేసి, మలమూత్రాలు చేయించే పని మాత్రం కుక్కకే వదలండి, మీ దూదికంటే బాగా చేస్తుంది. కుక్క చన్నులకు పాత బనియను తొడిగితే కూన చీకదు.

కుక్కకు పాలు పిండొద్దు, కాపడం పెట్టొద్దు, రెండూ పాలను పెంచుతాయి. నాలుగైదు రోజులు తిండి కొంచెం తగ్గించి నడక పెంచండి, నీళ్లు తగ్గించొద్దు. తగ్గకపోతే కేబర్గోలిన్ అనే మందుంది, డాక్టరు తూకం చూసి రాస్తారు. ఈ రోజుల్లో దానికి వాంతులైతే ఇంట్లో ఉన్న మెటాక్లోప్రమైడ్ ఇవ్వకండి, అది ప్రొలాక్టిన్‌ను ఇంకా పెంచుతుంది. గర్భసంచి ఆపరేషను పాలు పూర్తిగా ఇంకాకే, లేకపోతే ఈ స్థితి నెలల తరబడి సాగవచ్చు.

ఒక్క ప్రమాదం గుర్తుంచుకోండి. గర్భసంచిలో చీము పట్టేదీ సరిగ్గా ఈ వారాల్లోనే. నీళ్లు విపరీతంగా తాగడం, తిండి మానేయడం, వాంతులు, కింద చీము వాసన, వీటిలో ఏది కనిపించినా అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. చన్ను గట్టిపడి ఎర్రగా కాలుతున్నా అంతే.

ప్రశ్న: మా పిల్లి ఈని అయిదు రోజులైంది. కళ్లు తెరవని కుక్కపిల్ల దొరికింది. కలపవచ్చా?
— ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: మీ పిల్లికి నాలుగు కూనలకు మించి లేకపోతే ప్రయత్నించవచ్చు. ముందు పిల్లను వెచ్చబెట్టండి. చల్లబడ్డ పిల్లకు పాలు పడితే పేగులు కదలవు, పాలు లోపలే పులుస్తాయి. గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన గంటసేపు ఉంచి, పొట్ట, నోటి లోపల వెచ్చగా తగిలాకే తర్వాతి పని. పిల్లి పడక గుడ్డతో దాన్ని బాగా రుద్ది, పిల్లి మేతకు లేచినప్పుడు కూనల మధ్య పెట్టండి. తిరిగొచ్చి వాసన చూసి నాకితే గెలిచినట్టే. బుసకొట్టినా, మెడ పట్టి బయట వేసినా వెంటనే తీసేయండి. మొదటి మూడు గంటలు కదలకుండా చూడండి.

కూన 100 గ్రాములుంటే కుక్కపిల్ల మూడింతలు ఉండొచ్చు. అది మంచి చన్నులు పట్టేసుకుని కూనలను ఎండగడుతుంది. అన్నిటినీ రోజూ తూచండి, కుక్కపిల్లకు పైపాలు కూడా పట్టండి. పాలపొడి దొరికేలోపు ఒకటి రెండు రోజులకు: 240 మిల్లీలీటర్ల చిక్కటి పాలు, రెండు పచ్చసొనలు, ఒక టీస్పూను నూనె, గోరువెచ్చగా. ఉత్త ఆవుపాలు వాటికి నీళ్లతో సమానం, కుక్కపాలలో మాంసకృత్తులు, వెన్న రెండింతలకు పైగా ఉంటాయి. బోర్లా పడుకోబెట్టే పట్టాలి. పసిబిడ్డలా వెల్లకిలా పట్టుకుంటే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పిల్లకు విరేచనాలుంటే మాత్రం కలపొద్దు. విరేచనాలు తెచ్చే కుక్కల పార్వో వైరస్ రకాలు కొన్ని పిల్లులకూ సోకుతాయి.

ప్రశ్న: మగజంతువులకూ ఈ గుణం ఉంటుందా? అడవి జంతువుల్లో కూడా ఉందా?
— తొమ్మిదో తరగతి విద్యార్థిని, ఖమ్మం

జవాబు: ఉంటుందమ్మా. 1967లో జే రోజెన్‌బ్లాట్ అనే శాస్త్రవేత్త ఎలుకలతో చూపించారు. ఎన్నడూ ఈనని ఆడ ఎలుకలతోనూ, మగవాటితోనూ రోజూ పసికూనలను ఉంచితే, వారం అటూఇటుగా అవి కూనలను నాకడం, గూటికి మోసుకెళ్లడం మొదలుపెట్టాయి. ఈనిన తల్లికి హార్మోను ఆ క్షణంలో తెచ్చిపెట్టేదాన్ని వీటికి రోజుల తరబడి సావాసం తెచ్చిపెట్టిందన్నమాట. అడవి సంగతికొస్తే, 2018 డిసెంబరులో గుజరాత్ గిర్ అడవిలో ఒక ఆడసింహం రెండు నెలల చిరుతకూనను తన పిల్లలతో కలిపి నెలన్నర పెంచింది, పాలిచ్చింది. కూన పుట్టుకతో ఉన్న హెర్నియా వల్ల చనిపోయింది, సింహం తప్పేమీ లేదు. మన కాకి కోకిలపిల్లను సాకడం మాత్రం వేరే లెక్క. అక్కడ కాకి మోసపోతోంది.

ప్రశ్న: మా కుక్క కోడిపిల్లలను నాకుతూ గంటలు కూర్చుంటుంది. వదిలేసి పొలం వెళ్లొచ్చా?
— ఒక రైతు, అనకాపల్లి

జవాబు: వెళ్లొద్దు. చెవులు వదులుగా, ఒళ్లు మెత్తగా ఉండి, పిల్ల లేచిపోతే పోనిస్తే అది సాకడం. ఒళ్లు బిగబట్టి, రెప్పవేయకుండా చూస్తూ, ఒకే చోట వదలకుండా నాకుతూ, కదిలితే కాలితో నొక్కిపెడుతుంటే అది వేటకు ముందుమెట్టు. నెమ్మదిగల కుక్క కూడా పిల్ల కిచకిచమని పరుగెత్తగానే పట్టేస్తుంది. మూడు వారాలు తాడు మీద ఉంచే దగ్గరికి రానివ్వండి, మీరు లేనప్పుడు పిల్లలను అరంగుళం కంత జాలీలో మూయండి. అంగుళం జాలీ అయితే పిల్ల తల బయట పెడుతుంది.